దోన్‌స్కోయ్ మఠంలో ఇద్దరు తత్వవేత్తలు

మాస్కోలో మన కార్డులేవీ పనిచెయ్యవు, 2022 నుంచీ అంతే. డాలర్లు పట్టుకెళ్ళి మార్చుకోవాలి. నోటు కాస్త నలిగి ఉంటే చాలు, కౌంటర్లో మనిషి వెనక్కి తోసేస్తాడు. ఆ చిరాకుతోనే షాబలోవ్‌స్కయా మెట్రోలో దిగాను. "అందరూ రెడ్ స్క్వేర్ అంటారు, నువ్వేంటి మావయ్యా, శ్మశానం అంటావ్!" అని మా మేనల్లుడి సణుగుడు. వాడక్కడ మెడిసిన్ చదువుతున్నాడు, రష్యన్ బాగానే వచ్చు.

నేను వెళ్ళింది దోన్‌స్కోయ్ మఠం శ్మశానంలో ఉన్న రష్యన్ తత్వవేత్త చాదయేవ్ సమాధి కోసం. ప్రపంచానికి రష్యా ఇచ్చిందేమీ లేదు, మనం అటు తూర్పుకీ చెందం, ఇటు పడమరకీ చెందం అని ఫ్రెంచిలో లేఖ రాసుకున్న పెద్దమనిషి. ఆ లేఖ 1836లో 'టెలిస్కోప్' పత్రికలో అచ్చయింది. జార్ మొదటి నికొలాయ్ పత్రిక మూయించాడు, సంపాదకుణ్ణి ఎక్కడో ఉత్తరాన మారుమూల ఊరికి తోలేశాడు, రాసినవాడికి పిచ్చని తేల్చేశాడు. రష్యా యూరప్ దారిన నడవాలనే పాశ్చాత్యవాదులూ, మన దారి మనదేననే స్లావ్ అభిమానులూ రెండు జట్లుగా కలబడింది ఆ తర్వాతే. విశాలాంధ్రలో కారుచవగ్గా దొరికిన సోవియట్ వాళ్ళ 'ప్రగతి ప్రచురణాలయం' పుస్తకాలతో రష్యాని చదువుకున్నవాణ్ణి. వాటిలో ఈయన నాకెక్కడా తగల్లేదు.

సమాధి దగ్గర నిలబడి ఉండగా ఓ ముసలాయన వచ్చాడు. చేతిసంచిలో నీళ్ళ సీసా, అరిగిపోయిన బ్రష్షు, సమాధి కడగడానికి కాబోలు. ఇండియా అనగానే మొహం వెలిగిపోయింది. నా చొక్కా చెయ్యి పట్టుకుని ఇవాన్ ఇల్యీన్ సమాధి దగ్గరికి లాక్కుపోయాడు. బోల్షివిక్కులు 1922లో ఓడెక్కించి దేశం దాటించిన తత్వవేత్తల్లో ఒకడు ఇల్యీన్. 1954లో స్విట్జర్లాండ్‌లో పోతే, 2005లో ఎముకలు తెచ్చి ఇక్కడ పెట్టారు. పుతిన్ తన ప్రసంగాల్లో ఈయన మాటలు చెబుతుంటాడు. నాజీలను వెనకేసుకొస్తూ 1933లో ఈయన రాసిన వ్యాసం ఊసు మాత్రం ముసలాయన ఎత్తలేదు.

"మీదీ వేరే నాగరికతే, మాదీ వేరే నాగరికతే. దనిలేవ్‌స్కీ ఎప్పుడో రాశాడు" అన్నాడు. నిజమే. వోల్గా, కాస్పియన్ చేపల మీద పరిశోధన చేసిన ఆ మనిషి, 1869లో పత్రికలో వచ్చిన 'రష్యా - యూరప్'లో నాగరికతలు పది అని లెక్కగట్టాడు, అందులో మనదొకటి. పదకొండోది రష్యన్లూ వాళ్ళ బంధుజాతులూ అయిన స్లావులదట. నాకూ ఓ క్షణం ఛాతీ ఉబ్బింది, అబద్ధమెందుకు. అంతలోనే ఒళ్ళు మండింది. తమిళుడూ తెలుగువాడూ బెంగాలీవాడూ అందరూ కలిసి ఒకే గడిలోకి ఎలా పట్టారో! పైగా ఈ 'మనం వేరు' పాట మన పెళ్ళి భోజనాల దగ్గర వింటూనే ఉన్నాను, దానికోసం విమానం ఎక్కాలా?

మరి చాదయేవ్ సంగతేమిటని అడిగించాను. ముసలాయన చెయ్యి విదిలించి బ్రష్షు తీసుకుని వెళ్ళిపోయాడు.

తిరిగి మెట్రో వైపు నడుస్తుంటే, అంతవరకూ ఆవలిస్తున్న మావాడు హఠాత్తుగా, "ఇంతకీ ఏ పరీక్ష చేసి పిచ్చన్నారు మావయ్యా?" అన్నాడు.

"పరీక్షేం లేదురా, జార్ ఆ వ్యాసం చదివి తేల్చాడు. తర్వాత ఇంటికి డాక్టర్ని పంపారు."

"తగ్గిందా?"

"తగ్గక! ఇకమీద ఏమీ రాయకూడదన్న షరతు మీద మరుసటేడే వదిలేశారు."