ఏ నెల లెక్క కావాల బాబూ?

సంక్రాంతి వెళ్ళిన వారం అది. విశాఖ నుంచి చోడవరం, మాడుగుల మీదుగా ఘాట్ ఎక్కి పాడేరులో దిగేసరికి మధ్యాహ్నం దాటింది. అక్కడి నుంచి జీపు. జీపు ఆగిన చోటు నుంచి గంట నడక. గెడ్డ దాటుతుంటే చల్లటి నీళ్ళు మోకాళ్ళ దాకా జివ్వుమనిపించాయి. నాతో చదువుకున్న మిత్రుడి ఊరు అది.

"ఊళ్ళో ఎంతమంది ఉంటారు బాబాయ్?" అని వాళ్ళ నాన్నను అడిగాను.

"ఏ నెల లెక్క కావాల బాబూ?" అన్నాడాయన.

ఆ మాట ఏమిటో నాకు వెంటనే అర్థం కాలేదు. గడపలైతే ముప్పై దాకా ఉన్నాయి. ఎక్కువ మంది భగత తెగ గిరిజనులు. గెడ్డ అవతల నాలుగైదు ఇళ్ళు కోదు తెగ వాళ్ళవి. వాళ్ళు ఇంట్లో తమ భాష కువి మాట్లాడుకుంటారు, ఇటొస్తే తెలుగు.

మర్నాడు తోటలోకి తీసుకెళ్ళారు. పైన సిల్వర్ ఓక్ నీడ, వాటిని అల్లుకున్న మిరియాల తీగలు, కింద కాఫీ మొక్కలు. ఆఖరి కోత నడుస్తోంది. 2006 అటవీ హక్కుల చట్టం కింద పట్టా వచ్చాకే ఈ తోట మాది అనే ధైర్యం వచ్చిందని బాబాయ్ చెప్పాడు. కోసిన పళ్ళను అలాగే వ్యాపారికి పోస్తే అదే రోజు డబ్బు చేతికొస్తుంది. తొక్క తీసి, ఒక రాత్రి నానబెట్టి, కడిగి, ఎండబెట్టి గిరిజన సహకార సంస్థకు అమ్మితే ధర మేలు. కానీ ఆ ఎండే రోజుల్లో మబ్బు పడితే ఇంటిల్లిపాదికీ టెన్షనే. ఇంట్లో జ్వరమో ఫీజో ఉన్నవాళ్ళు అంతవరకు ఆగలేక పళ్ళే అమ్మేస్తారు. అది చూస్తే నా మనసు చివుక్కుమంది. 2019లో ఈ కొండల్లో పండే అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు, అంటే ఆ పేరు ఇక్కడి సరుకుకే అనే ముద్ర, వచ్చింది. ఆ పేరు విలువ ఈ వాకిళ్ళ దాకా పూర్తిగా రావాలని నా కోరిక.

కాఫీ ఒక్కదానితో ఏడాది గడవదు. పల్లంలో వరి, మెట్టలో చోళ్ళు (రాగులు), కొండ మీద సామలు, కందులు. అవి తిండికి. కాఫీ అయ్యాక పసుపు తవ్వి ఉడకబెట్టాలి. కొండచీపుర్లు, ఆ తర్వాత చింతపండు. పిన్ని మాట్లాడుతూనే అడ్డాకులు వెదురు పుల్లలతో కుడుతోంది. సంత రోజు అవి కావిడిలో పోతాయి, తిరుగు దారిలో ఉప్పు, నూనె, ఎండుచేపలు వస్తాయి.

సాయంత్రం అరుగు మీద కూర్చుని బాబాయ్ వేళ్ళు మడిచి లెక్క చెప్పాడు. నాట్లప్పుడు, కాఫీ కోతలప్పుడు ఊరు నిండుగా ఉంటుంది. ఆ పనులు అయిపోతే కుర్రాళ్ళు తాపీ పనికి, హోటళ్ళలో పనికి కిందకి దిగిపోతారు. పిల్లలు ఆశ్రమ పాఠశాలల్లో ఉంటారు. వేసవిలో కొన్ని ఇళ్ళలో ముసలివాళ్ళే పొయ్యి వెలిగిస్తారు. మళ్ళీ చైత్రంలో గిరిజనుల ఇటుకల పండక్కి అందరూ వస్తారు.

"జనాభా లెక్కలోళ్ళు ఫిబ్రవరిలో వచ్చారు బాబూ, 2011లో. అప్పటికి సగం మంది కిందనే ఉన్నారు. వాళ్ళ పేర్లు మేమే చెప్పాం."

తిరుగు జీపులో నా పక్కన అదే ఊరి కుర్రాళ్ళు ఇద్దరు కూర్చున్నారు. ఒళ్ళో సంచులు, ఒక సంచిలో పిన్ని కట్టిచ్చిన చోడి పిండి. విశాఖలో సెంట్రింగ్ పనికట.

"మళ్ళీ ఎప్పుడు తమ్ముడూ?"

"ఇటుకల పండక్కి వచ్చేస్తాం అన్నా. అప్పుడు రండి, ఊరంతా ఉంటాది."