చెరుకు డబ్బుతో లేచిన ఇళ్ళు: నెగ్రోస్ దీవిలో మేం చూసినవి

ఫిలిప్పీన్స్ అనగానే మన గోదావరి జిల్లాల్లో ముందు గుర్తొచ్చేది ఎంబీబీఎస్సే, మా అక్క కొడుకు కూడా అక్కడే చదువుతున్నాడు. వాణ్ణి చూడ్డానికి వెళ్ళినప్పుడు బీచ్‌లు వద్దురా, నన్ను నెగ్రోస్ తీసుకెళ్ళు అన్నాను. "అక్కడేముంది పిన్నీ, ఎటు చూసినా చెరుకు తోటలే" అన్నాడు. తణుకు పక్కన చెరుకు పండించిన ఇంట్లో పుట్టినదాన్ని, అందుకే చూడాలిరా అన్నాను.

ఫిలిప్పీన్స్‌లో తయారయ్యే పంచదారలో సగానికి పైగా ఈ ఒక్క దీవి నుంచే వస్తుంది. పడమటి వైపు ప్రావిన్స్‌కి బకోలోద్ పెద్ద ఊరు, దానికి కాస్త ఉత్తరంగా సిలాయ్. స్పెయిన్ వాళ్ళ కాలం చివర్లో, ఆ తర్వాత అమెరికా వాళ్ళ కాలంలో చెరుకు భూస్వాములు కట్టుకున్న ఇళ్ళు అక్కడ వీధి వీధికీ ఉన్నాయి, కొన్నిట్లో ఇప్పటికీ కాపురాలున్నాయి, కొన్ని మ్యూజియంలు అయ్యాయి.

సిలాయ్‌లో నాకు అన్నిటికన్నా నచ్చింది బాలాయ్ నెగ్రెన్సే అనే ఇల్లు. 1897 ప్రాంతంలో విక్టర్ గాస్టన్ అనే ఆయన కట్టించాడు, ఆయన తండ్రి ఈవ్ గాస్టన్ ఫ్రాన్స్‌లో నార్మండీ నుంచి వచ్చి ఇక్కడ పంచదార తయారీ మొదలుపెట్టిన వాళ్ళలో ఒకడు. పైఅంతస్తు అంతా కలపే, పలకలు ఎంత వెడల్పంటే ఒక్కో పలక మీద మనిషి హాయిగా పడుకోవచ్చు. పెద్ద కిటికీల కింద, నేలకి ఆనుకుని ఇంకో చిన్న కిటికీ వరస ఉంటుంది, దాన్ని వెంటనిల్లా అంటారట, చూపించే ఆవిడ దాని తలుపు పక్కకి జరపగానే కాళ్ళకి చల్లగాలి తగిలింది. రాత్రిపూట పెద్ద కిటికీలు మూసేసినా కింద నుంచి గాలి ఆడుతుందన్నమాట. మన కోనసీమ మండువా లోగిళ్ళలో నడిమధ్య ఆకాశం వదిలి గాలీ వెలుతురూ తెచ్చుకుంటే వీళ్ళు గోడ అడుగున తెచ్చుకున్నారు. నాకు అక్కడే బాధేసింది, మన వైపు ఎన్ని మండువాలు పడగొట్టి స్తంభాలూ గుమ్మాలూ అమ్మేసుకుంటున్నామో తలుచుకుంటే. దగ్గర్లోనే హలండోనీ వాళ్ళ గులాబీరంగు ఇల్లు, 1908 నాటిది, సీలింగుకి కొట్టిన నగిషీ స్టీలు రేకులు జర్మనీలో హాంబుర్గ్ నుంచి ఓడలో వచ్చాయట.

ఇంత డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందనే ప్రశ్న దగ్గరికొస్తే నికోలస్ లోనీ గురించి చెప్పాలి. మన దగ్గర కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తి చేశాడు కదా, 1856లో ఈ లోనీ ఎదురు దీవిలో ఉన్న ఇలోయిలో రేవుకి బ్రిటిష్ వైస్ కాన్సుల్‌గా వచ్చాడు. ఇంగ్లండ్ మిల్లు బట్ట చవగ్గా తెచ్చి అమ్మాడు, దాంతో ఇలోయిలో మగ్గాలు దెబ్బతిన్నాయి, తిరుగు ఓడలు ఖాళీగా పోకుండా పంచదార నింపాడు, పంచదార పెరగాలని రైతులకి ఇనప గానుగలు అప్పు మీద ఇప్పించాడు. మగ్గాలు ఆగిపోయిన ఊరివాళ్ళలో చాలామంది సముద్రం దాటి నెగ్రోస్‌కి వచ్చారు, అడవులు కొట్టి హసియెండాలు, అంటే పెద్ద పెద్ద చెరుకు తోటలు వేశారు. ఈస్టిండియా కంపెనీ బట్టల వ్యాపారం చేసిన ఇంజరం, మాధవాయిపాలెం పేర్లు విని పెరిగిన మనకి బట్టల ఓడల కథ కొత్తది కాదు. ఇలోయిలోలో రేవు గట్టుకి ఇప్పటికీ లోనీ పేరే ఉంది.

సిలాయ్‌లో 1898 నవంబర్ 5ని చాలా గొప్పగా చెప్పుకుంటారు. ఆ రోజు భూస్వాములే స్పెయిన్ మీద తిరగబడ్డారు, ఫిరంగులు లేక చాపలు చుట్టి నల్లరంగు పూసి బళ్ళ మీద పెట్టారు, కొబ్బరి జాతి మట్టలు తుపాకుల్లా పట్టుకున్నారు, దూరం నుంచి చూసి స్పానిష్ వాళ్ళు లొంగిపోయారు. వింటుంటే మా వాడు చప్పట్లు కొట్టాడు.

తలిసాయ్‌లో ద రూయిన్స్ అందరూ ఫోటోలు దిగే చోటు. మరియానో లాక్సన్ తన భార్య మరియా బ్రాగా చనిపోయాక ఆమె గుర్తుగా కట్టించిన మహల్, ఆవిడ పదకొండో కానుపు ముందు పోయింది. స్తంభాల మీద ఇద్దరి పేర్ల మొదటి అక్షరం ఎదురెదురుగా చెక్కి ఉంటుంది. 1942లో జపాన్ వాళ్ళు దాన్ని స్థావరం చేసుకోకుండా గెరిల్లాలే తగలబెట్టారు, కాంక్రీటు గోడలు మిగిలాయి. సాయంత్రం ఎండలో అందంగానే ఉంది కానీ జనం ఎక్కువ, నాకైతే సిలాయే ఇష్టం.

ఈ ఇళ్ళలో దేంట్లోనూ చెరుకు నరికినవాళ్ళ గురించి ఒక్క గది కూడా నేను చూడలేదు. వాళ్ళని సకాడాలు అంటారు, ఇలోయిలో ఉన్న ఆ ఎదురు దీవి పనాయ్‌లోని ఆంటీక్ లాంటి చోట్ల నుంచి సీజన్‌కి వస్తారు, కాంట్రాక్టర్ ముందే అడ్వాన్స్ ఇచ్చి తీసుకొస్తాడు, ఆ అడ్వాన్స్ కూలీలో తెగేదాకా నరుకుతూనే ఉండాలి. ఫోన్లో నాన్నకి చెప్తే "మన ముఠా మేస్త్రీల పద్ధతేగా అమ్మా" అన్నారు. క్రషింగ్ ఆగితే అక్కడ నెలల తరబడి పని ఉండదు. 1974లో అమెరికా ఏటా ఇంత పంచదార కొనే కోటా ఒప్పందం అయిపోయింది, 80ల్లో ధర పడిపోయింది, అప్పటి అధ్యక్షుడు మార్కోస్ మనుషుల చేతిలో అమ్మకాలన్నీ ఉన్నాయి, తోటలు సాగు మానేశాయి, పిల్లలు తిండి లేక చచ్చిపోయారు. 1985 సెప్టెంబర్ 20న ఇదే దీవిలోని ఎస్కలాంటె ఊళ్ళో నిరసన చేస్తున్నవాళ్ళ మీద కాల్పులు జరిపితే 20 మంది పోయారు. ఇదీ ఆ ఇళ్ళ చరిత్రే, టూర్‌లో చెప్పాల్సిందే.

అందుకే విక్టోరియాస్ అనే ఊరు తప్పకుండా వెళ్ళమంటాను. 1919లో పెట్టిన షుగర్ మిల్లు, దాని ఆవరణలో కార్మికుల కోసం కట్టిన చర్చి, లోపల గోడ నిండా కళ్ళు పెద్దవి చేసి కోపంగా చూస్తున్న క్రీస్తు. 1950లో ఆ బొమ్మ వేసిన అల్ఫోన్సో ఒస్సోరియో మిల్లు యజమాని కొడుకే, ఆ చర్చిలో మరియమ్మకీ యోసేపుకీ స్థానిక మనుషుల ముఖాలు పెట్టారు. చర్చి డిజైన్ చేసిన ఆంటొనిన్ రేమండ్ పాండిచ్చేరి అరవిందాశ్రమంలో గోల్కొండే కట్టినాయన, నిజాం ప్రధాని అక్బర్ హైదరీ ద్వారా హైదరాబాద్ డబ్బు వచ్చిందని దానికి ఆ పేరు. తెలుగువాళ్ళం ఆ చర్చిలో ఇంకాసేపు నిలబడ్డాం ఈ సంగతి తెలిసి.

తినడానికి పియాయా వదలకండి, నల్లబెల్లం కూరి పెనం మీద కాల్చిన పల్చటి బొబ్బట్టు లాంటిదే, వేడిగా అయితేనే బాగుంటుంది. చెరుకు లారీలు రోడ్డు మీద తిరగడం చూడాలంటే అక్టోబర్ తర్వాత వెళ్ళండి. సిలాయ్‌కి ఒక పూర్తి రోజు పెట్టుకోండి, విక్టోరియాస్‌కి బయల్దేరేటప్పుడు పాస్‌పోర్ట్ వెంట ఉంచుకోండి, అది మిల్లు ఆవరణ కదా.