మలుపు ఒకటే, బండిని బట్టి దారి వేరు

విజయవాడలో ఉంటూ రేసింగు పద్ధతిలో మలుపు తీసుకోవడం నేర్చుకోవాలంటే చెన్నై దారి పట్టాలి. శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో 3.7 కిలోమీటర్ల రేస్ ట్రాక్ ఉంది. నేను శిక్షణ తీసుకున్నది అక్కడే. అంతకుముందు నా చదువంతా నాన్నగారి పాత యమహా ఆర్‌ఎక్స్ 100 మీద, కొండవీడు ఘాట్ రోడ్డులో సాగింది. వేగంగా పోయే చోటు కాదది. అయినా, ఎటు పోవాలో అటు చూపు నిలపడం అక్కడే అలవాటైంది. టూ స్ట్రోక్ బండికి ఇంజిన్ బ్రేకింగ్, అంటే యాక్సిలరేటర్ వదలగానే ఇంజినే వేగం తగ్గించడం, దాదాపు ఉండదు, ముందు ఉన్నది డ్రమ్ బ్రేకు. 98 సీసీ ఇంజిను పోయిన వేగాన్ని మళ్లీ అందుకోవడానికి సమయం పడుతుంది. అందుకని మలుపును వీలైనంత వెడల్పుగా తీసుకుని, ఉన్న వేగాన్ని కాపాడుకోవాలి.

శిక్షణలో మొదట ఒక లెక్క చెప్పారు. 50 మీటర్ల వ్యాసార్ధమున్న మలుపులో 80 కిలోమీటర్ల వేగంతో వెళ్లాలంటే సుమారు 45 డిగ్రీలు వాలాలి. ఆ లెక్కలో బండి బరువు ఎక్కడా లేదు! టైరు వెడల్పును బట్టి కొద్దిగా తేడా వస్తుందంతే. అలాంటప్పుడు ఒక్కో బండిని ఒక్కోలా ఎందుకు తిప్పాలి? వాలడానికి ముందు, మళ్లీ లేచేటప్పుడు బండ్ల గుణాలు బయటపడతాయి కాబట్టి.

ట్రాక్ మీద నేను నడిపింది కేటీఎం ఆర్‌సీ 390. కుడికి తిరగాలంటే కుడి హ్యాండిల్‌ను ముందుకు నెట్టాలి. వినడానికి వింతగా ఉంటుంది కానీ, నెట్టిన మరుక్షణం బండి కుడికి వాలుతుంది. ఇక ముందు బ్రేకు. దాన్ని మలుపు మొదట్లోనే పూర్తిగా వదిలేయకుండా, బండి వాలేకొద్దీ వేళ్లను సడలిస్తూ పోవాలి. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కులు కుదించుకుని ఉన్నంతసేపు ముందు చక్రం చురుగ్గా తిరుగుతుంది. లోపలి పిరుదును సీటు అంచు దాటించి, బయటి తొడను ట్యాంకుకు అదిమి పట్టాలి. అలా ఒంటి బరువు లోపలికి చేరితే అదే వేగానికి బండి కాస్త తక్కువ వాలితే సరిపోతుంది. చేతులు మాత్రం వదులుగా ఉండాలి. నాకు అన్నిటికంటే కష్టమైంది ఇదే: భయం వేయగానే మొదట బిగుసుకునేవి చేతులే.

ఆ తరువాత మిత్రుడి రాయల్ ఎన్‌ఫీల్డ్ కాంటినెంటల్ జీటీ 650 ఎక్కాను. 200 కిలోలు దాటిన బరువు, 18 అంగుళాల చక్రాలు. ఆర్‌సీ అంత తొందరగా వాలదు. దానితో బ్రేకు పని చాలావరకు తిన్నగా ఉన్నప్పుడే ముగించి, కాస్త ఆలస్యంగా, పదునుగా తిప్పి, త్వరగా నిటారుగా నిలబెట్టి యాక్సిలరేటర్ ఇవ్వాలి. రెండు సిలిండర్ల ఇంజిను కింది ఆర్‌పీఎంలోనే బలంగా లాగుతుంది, కనుక మలుపు మధ్యలో పోయిన వేగం బయటికి వచ్చేసరికి తిరిగి వస్తుంది.

ప్రపంచ స్థాయి బైకు రేసులైన మోటోజీపీలోనూ ఈ తేడా కనిపించేది. యమహా మీద 2010, 2012, 2015లలో ఛాంపియన్ అయిన హోర్హే లోరెంజో గీత గీసినట్టు గుండ్రంగా తిరిగేవాడు. అదే కాలంలో డుకాటీ రైడర్లు గట్టిగా బ్రేకు వేసి, కోణంగా తిప్పి, ఇంజిను బలంతో దూసుకుపోయేవారు. టీవీలో ఎన్నోసార్లు చూసినా నాకు అర్థం కానిది, ఆర్‌సీ, జీటీ రెండూ నడిపాకే ఒంటికి తెలిసింది.

మీరూ వెళ్లాలనుకుంటే తోలు సూటు అద్దెకు ఇస్తారేమో ముందే కనుక్కోండి. బయలుదేరే ముందు ఆటోనగర్‌లో బ్రేకు ప్యాడ్లు, టైర్లు, చైను చూపించండి. ట్రాక్ దగ్గర ఎవరైనా తమ బండి నడిపి చూడమంటే మొహమాటపడకండి.