మాస్క్ వేసుకున్నా తెలిసిపోవాలి: ఒక సూపర్‌హీరోయిన్‌కి కళ్లు గీసిన నా అనుభవం

ఒక చిన్న యానిమేషన్ ఫిల్మ్‌లో సూపర్‌హీరోయిన్ డిజైన్ నా చేతికి వచ్చింది. కథ ప్రకారం ఆమె పెద్దగా మాట్లాడదు. ఎవరినీ ఓ పట్టాన నమ్మదు, నమ్మాక వదలదు. సగం సినిమా ముఖానికి మాస్క్ ఉంటుంది. అంటే ఆమె ఎలాంటి మనిషో కళ్లే చెప్పాలి.

పెద్ద గుండ్రటి కళ్లతో మొదలుపెట్టాను. డైరెక్టర్ చూసి, "ముద్దుగా ఉందండీ. కానీ ఈ అమ్మాయి ఎవరినైనా ఇట్టే నమ్మేసేలా ఉంది" అన్నారు. గుండ్రటి కంట్లో పెద్ద కనుపాప పెడితే పసితనం వస్తుంది, కోణాలు పెడితే పదును వస్తుంది. ఈమె ఆ రెండిట్లో దేనికీ చెందదు.

అందుకని ఆకారాన్ని పక్కనపెట్టి రెప్పలు పట్టుకున్నాను. కన్ను అదే, నల్లగుడ్డు అదే, పై రెప్పని మాత్రం జరుపుతూ వరసగా గీశాను. రెప్పకీ నల్లగుడ్డుకీ మధ్య తెల్లగుడ్డు కనిపిస్తే భయమో ఆశ్చర్యమో. నల్లగుడ్డు పైఅంచుని రెప్ప కాస్త కప్పితే నిబ్బరం. కనుపాప దాకా దిగితే నిద్రమత్తు, లేదంటే నిర్లక్ష్యం. ఆమెకి పై రెప్ప కొద్దిగా దించి, కింది రెప్పని గీతంత పైకి లేపాను. అంతే, ఎదుటివాళ్లని అంచనా వేస్తున్న చూపు వచ్చేసింది! కనుబొమ్మలు ముట్టుకోలేదు, ముట్టుకుంటే అది కోపం అయిపోయేది. కనుబొమ్మలు ఆ క్షణంలోని భావాన్ని చెబుతాయి. ఏ భావమూ లేనప్పుడు రెప్పలు ఎక్కడ ఆగుతాయో, నా లెక్కలో స్వభావం అక్కడుంది.

మాస్క్ దగ్గరే అసలు టెన్షన్. మాస్కుల్లో కనుపాపల్లేని తెల్లటి కళ్లు 1936లో పత్రికల్లో మొదలైన ఫాంటమ్ అనే కామిక్ హీరో కాలం నాటివి. 1992 నాటి బ్యాట్‌మ్యాన్ యానిమేషన్ సిరీస్‌లో అవి ముసుగులో రెండు తెల్ల చీలికలు. ఎటు చూస్తున్నాడో తెలియదు కాబట్టే అతనంటే జంకు. అదే 2018లో వచ్చిన 'స్పైడర్‌మ్యాన్: ఇన్‌టు ద స్పైడర్‌వర్స్'లో ఆ తెల్ల కళ్లు విప్పారతాయి, ముడుచుకుంటాయి, లోపలున్న కుర్రాడి కంగారంతా బయటికి తెలిసిపోతుంది. 'ద ఇన్‌క్రెడిబుల్స్' (2004)లో నల్ల మాస్కుల్లోంచి మామూలు కళ్లే కనిపిస్తాయి. అందులో వయొలెట్ అనే అమ్మాయి ముఖాన్ని మొదట్లో జుట్టు సగం కప్పేసి ఉంటుంది, ధైర్యం వచ్చాక వెనక్కి వెళ్తుంది. కంటి గీత ఒక్కటీ మార్చకుండా మనిషి మారిందని చెప్పేశారు. అది ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు.

మేం తెల్ల కళ్లే ఎంచుకున్నాం. మాస్క్‌లో కంటిరంధ్రం పైఅంచుని ఆమె పై రెప్పలాగే వాల్చి, కింది అంచు దాదాపు తిన్నగా ఉంచాను. మాస్క్ ఉన్న బొమ్మనీ లేని బొమ్మనీ ఒకదాని మీద ఒకటి పెట్టి, ఆ వాలు కలిసేదాకా సరిచేశాను. దూరపు షాట్లలో అది కనిపించకుండా పోతోందని పైఅంచు గీత లావు చేశాం.

ఇక కదలిక. సెకనుకి 24 ఫ్రేములు. రెప్ప చటుక్కున మూసుకుని, కాస్త నెమ్మదిగా తెరుచుకోవాలి. ఆమెకి రెప్పపాట్లే తగ్గించాం. మాస్క్ లేని సీన్లలో ఎవరైనా పిలిస్తే ముందు కళ్లు అటు వెళ్తాయి, తల మాత్రం ఓ క్షణం ఆగి తిరుగుతుంది. మామూలుగానే చూపు తలకన్నా ముందు కదులుతుంది, మేం ఆ ఎడాన్ని ఇంకాస్త సాగదీశాం. అపనమ్మకమంతా ఆ ఆగడంలోనే వచ్చేసింది. టెస్ట్ చూశాక డైరెక్టర్ అక్కడ రాసుకున్న డైలాగ్ తీసేశారు.

ఆమె నమ్మే మనిషి ఒక్కరున్నారు. వాళ్లు పిలిస్తే కళ్లూ తలా ఒకేసారి తిరగాలి. ఆ షాట్ ఏ యానిమేటర్ చేతికి వెళ్లినా ఇది తప్పిపోకూడదని, పాత్రని ఎలా గీయాలో చూపే మోడల్ షీట్‌లో ఎర్ర అక్షరాలతో రాసిపెట్టాను.