చెన్నై ఫ్లాట్‌లో చిప్పిపారై: పరుగు, పట్టీ, రక్తపరీక్ష

చిప్పిపారై, కన్ని, ముధోళ్, గ్రేహౌండ్ లాంటి సన్నటి వేటకుక్కని ఫ్లాట్‌లో పెట్టడం పాపం అనేవాళ్ళు చాలామంది. నన్నడిగితే లాబ్రడార్ కంటే ఇవే ఫ్లాట్‌కి బాగా నప్పుతాయి. లేడికి లేచిందే పరుగు అన్నట్టు పొద్దస్తమానం ఉరకవు. వేటని చూపుతో పట్టి, అర నిమిషంలో పని ముగించి, మిగతా పూటంతా కాళ్ళు చాపుకుని పడుకునే జాతులివి. రోజుకి రెండు నడకలు, వారానికి రెండుమూడు సార్లు కంచె ఉన్న చోట పరుగు, మెత్తటి పరుపు. ఈ మూడూ అమరితే ఇంట్లో కుక్క ఉందన్న అలికిడే ఉండదు. అసలు కష్టాలు మెడపట్టీతోనూ, మన ఎండతోనూ, రక్తపరీక్ష రిపోర్టుతోనూ వస్తాయి.

ముందు వేగం సంగతి. గ్రేహౌండ్ గంటకి 60 కిలోమీటర్లు దాటుతుంది, దానికంటే చిన్నదైన విప్పెట్ జాతి 55 దాకా వెళ్తుంది. వీటి పరుగులో ఒక్కో అంగకి నాలుగు కాళ్ళూ రెండుసార్లు నేల విడుస్తాయి: ఒళ్ళు ముడుచుకున్నప్పుడు ఒకసారి, పూర్తిగా చాచినప్పుడు ఒకసారి. గుర్రానికైతే ఒక్కసారే. వెన్ను విల్లులా వంగి విచ్చుకోవడంలోనే ఉంది ఆ వేగమంతా. మన దేశవాళీ వేటకుక్కలకి అమ్మకందారులు చెప్పే అంకెలు ధర పెంచడానికే, వాటిని నమ్మి కొనకండి. పిల్ల తల్లిని కళ్ళారా చూసి, అది మనుషుల మధ్య బెదరకుండా నిలబడుతుందో లేదో చూసుకుని కొనండి. ముధోళ్ కావాలంటే కర్ణాటకలో ముధోళ్ దగ్గరి తిమ్మాపూర్‌లో పశువైద్య విశ్వవిద్యాలయం వాళ్ళ కుక్కల పరిశోధన కేంద్రమే ఉంది.

రాజపాళయం కుక్క మీద మనవాళ్ళకి మమకారం ఎక్కువ, దాని పేరున్న ఊరు తెలుగు మాట్లాడే రాజులది కదా. కానీ దాన్ని ఈ లెక్కలో కలపకండి. అది కాపలాకీ అడవిపంది వేటకీ పెంచిన బరువైన కుక్క, దాని పెంపకం దారి వేరు. ఆ తెల్ల ఒంటితో పాటు చెవుడు వచ్చే ప్రమాదమూ ఉంది. పిల్లని మిగతా పిల్లల నుంచి విడిగా ఉంచి, దానికి కనబడకుండా వెనక నుంచి తాళాలగుత్తి ఆడించి చూడండి. ఇక అఫ్గాన్ హౌండ్, బోర్జోయ్ లాంటి గుబురు బొచ్చు జాతులు చెన్నైకి వద్దే వద్దు.

మెడపట్టీ దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే వీధిలో తప్పిపోయేవి ఎక్కువగా ఇక్కడే జారిపోతాయి. వీటి మెడ తల కంటే సన్నం కాదు. మామూలు బెల్టు పట్టీ వేస్తే, బెదిరినప్పుడు తల దించి రెండడుగులు వెనక్కి వేస్తుంది, పట్టీ చెవుల మీదుగా ఊడి మీ చేతిలో మిగులుతుంది. మార్టింగేల్ కాలరే కొనండి, అంటే లీష్ లాగినప్పుడు కొంతమేరకే బిగిసే రెండు రింగుల పట్టీ. వెడల్పు నాలుగైదు సెంటీమీటర్లు ఉండాలి. సన్నటి పట్టీ ఆ మెడని కోసేస్తుంది. బిగుతు ఇలా చూడండి: కుక్క ఎదురుగా నిలబడి లీష్‌ని మీ వైపు మెల్లగా లాగండి. పట్టీ చెవుల దాకా జారితే ఇంకా బిగించాలి. పూర్తిగా లాగినప్పుడు రెండు రింగుల మధ్య రెండువేళ్ళ సందు మిగలాలి. రింగులు ఒకదానికొకటి తగిలాయంటే అది ఇక బిగియదు, అంటే వదులే. పటాకుల రోజుల్లో దీనికి తోడు ఛాతీ చుట్టూ కట్టే హార్నెస్ కూడా వేసి, లీష్ రెండింటికీ తగిలించండి.

లీష్ రెండు మీటర్లకి మించొద్దు. బటన్ నొక్కితే సాగే లీష్ ఈ జాతులకి పనికిరాదు. పిల్లి కనబడగానే కొద్ది అంగల్లో పూర్తి వేగం అందుకుంటుంది, తాడు చివరికొచ్చి ఆగినప్పుడు ఆ కుదుపంతా మెడ ఎముకల మీద పడుతుంది. మీ చేతిలోని ప్లాస్టిక్ పిడి ఊడి దాని వెనకే గలగలా వస్తే, ఆ చప్పుడుకి ఇంకా బెదిరి పరిగెడుతుంది.

పిలిస్తే వస్తుందన్న నమ్మకంతో బెసెంట్ నగర్ బీచ్‌లో వదిలేవాళ్ళున్నారు. దయచేసి వదలకండి. కంటికి కదిలేది చిక్కాక వీటి చెవికి మన గొంతు ఎక్కదు, అది శిక్షణలో లోపం కాదు. ఆరడుగుల కంచె ఉన్న చోటే విడవాలి. మేడమీద పరిగెత్తించడమూ తప్పే: నున్నటి సిమెంటు మీద మలుపు తిరిగితే కాలివేళ్ళ కీళ్ళు తప్పుతాయి, పిట్టగోడ దాటి దూకిన సందర్భాలూ ఉన్నాయి.

పరుగుకి ముందు పది నిమిషాలు నడిపించండి. తర్వాత నూటయాభై, రెండొందల మీటర్ల పరుగులు రెండో మూడో చాలు. అది ఆగేదాకా చూడకండి, మీరే ఆపాలి. ఆపాక మళ్ళీ పది, పదిహేను నిమిషాల నడక. గ్రేహౌండ్ పరుగు ముగించేసరికి ఒంటి వేడి 41 డిగ్రీల దాకా ఎక్కుతుంది. చెన్నై గాలిలో తేమ వల్ల రొప్పినా ఆ వేడి త్వరగా దిగదు. మార్చి నుంచి సెప్టెంబరు దాకా తెల్లారి ఆరులోపే పరుగు. సాయంత్రం సముద్రపు గాలి వచ్చినా రోడ్డు చల్లబడదు: అరచేతి వెనక భాగాన్ని తారు మీద ఏడు సెకన్లు ఆనించి ఉంచలేకపోతే దాని పాదాలూ ఉంచలేవు.

వడదెబ్బ తగిలి తూలుతుంటే ముందు అక్కడే చల్లబరచండి, డాక్టరు దగ్గరికి ఆ తర్వాత. పొట్ట, తొడల లోపలి భాగం, పాదాల మీద కుళాయి నీళ్ళు ధారాళంగా పోసి, ఫ్యాన్ కింద పెట్టండి. తడి తువ్వాలు కప్పి వదిలేస్తే లోపలి వేడి బయటికి పోదు. గట్టి పరుగు తర్వాత మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తే కండరాలు దెబ్బతిన్నట్టు, ఆ గంటలోనే ఆస్పత్రికి.

‘ఏమ్మా, దీనికి తిండి పెట్టట్లేదా?’ అని లిఫ్టులో ప్రతివాళ్ళూ అడుగుతారు. చివరి రెండుమూడు పక్కటెముకలు, తుంటి ఎముకల మొనలు కనబడటం వీటికి ఆరోగ్యమే. వెన్నుపూస మొత్తం లెక్కపెట్టగలిగేలా ఉంటేనే చిక్కినట్టు. పెరుగన్నంతో సరిపెట్టకండి, కండ నిలవదు. ఇరవై కిలోల పెద్ద కుక్కకి రోజుకి సుమారు వెయ్యి కేలరీలు: ఉడికించిన ఎముకల్లేని చికెన్ 300 గ్రాములు, అన్నం 300 గ్రాములు, ఒక గుడ్డు. మాంసం, అన్నంలో కాల్షియం చాలదు కాబట్టి మెత్తగా పొడిచేసిన గుడ్డుపెంకు అర టీస్పూను కలపాలి. ఎదిగే పిల్లలకి ఈ లెక్క వాడొద్దు. రెండు పూటలుగా పెట్టండి. తిన్నాక రెండు గంటలు పరుగు లేదు, లోతైన ఛాతీ ఉన్న కుక్కలకి కడుపు మెలిపడే ప్రమాదం ఎక్కువ. పరుపు నాలుగంగుళాల ఫోమ్ ఉండాలి, లేకపోతే టైల్స్ మీద మోచేతులకి నీటికాయలు కడతాయి.

ఇక అందరూ వదిలేసే సంగతి. గ్రేహౌండ్ రక్తంలో ఎర్రకణాల శాతం 50 నుంచి 65 దాకా ఉండటం మామూలే. ప్లేట్‌లెట్లు మామూలు కుక్కల కంటే తక్కువ, థైరాయిడ్ హార్మోను టీ4 కూడా తక్కువ. సాధారణ కుక్కల పట్టికతో పోల్చి చూసే డాక్టరుకి ఇదంతా జబ్బులా కనబడుతుంది. పిడుదుల బెడద ఉన్న మన ఊళ్ళో ప్లేట్‌లెట్లు తగ్గాయంటే వెంటనే టిక్ ఫీవర్ (పిడుదుల వల్ల వచ్చే జ్వరం) అనుకుని మందులు మొదలెడతారు. జ్వరం, నీరసం లేకుండా ఆ ఒక్క అంకె మీద మందులు వద్దు, రక్తపు చుక్కని మైక్రోస్కోపు కింద చూసే స్మియరో, క్రిమి జన్యుపదార్థాన్ని వెతికే పీసీఆరో అడగండి. అంతకంటే మంచి పని, రెండేళ్ళ వయసులో ఒంట్లో బాగున్నప్పుడే ఒకసారి పూర్తి రక్తపరీక్ష చేయించి ఆ కాగితం దాచడం. ఏ కుక్కకైనా తన సొంత అంకెలే సరైన కొలమానం.

ఆపరేషన్ ఉంటే ముందే చెప్పండి: థయోపెంటోన్ లాంటి బార్బిట్యురేట్ మత్తు వీటికి వద్దు. ఒంట్లో కొవ్వు తక్కువ, కాలేయం ఆ మందుని నెమ్మదిగా వదిలిస్తుంది, తేరుకోవడానికి గంటలు పడుతుంది. తేరుకునేటప్పుడు ఏసీ గదిలో దుప్పటి కప్పమనండి.

మైక్రోచిప్ వేయించండి, కార్పొరేషన్ లైసెన్సు తీసుకోండి, పట్టీకి ఫోన్ నంబరు బిళ్ళ కుట్టించండి. అయినా తప్పించుకుంటే వెంటపడకండి, మీరెంత పరిగెడితే అదంత ఆట అనుకుంటుంది. పేరు పిలిచి ఎదురు దిక్కుకి పరిగెత్తండి, లేదా నేలమీద కూర్చుని దానికి ఇష్టమైన బొమ్మని కీచుమనిపించండి. కనుచూపు దాటిపోతే చివరిసారి కనబడిన చోట మీ విడిచిన చొక్కా వేసి, అక్కడ ఒక మనిషిని కదలకుండా ఉంచి, మిగతావాళ్ళు చుట్టుపక్కల వాచ్‌మన్లకీ, ఆటోస్టాండులోనూ ఫోటో చూపించండి. ఎవరికి కనబడినా తరమొద్దనీ, ఫోన్ మాత్రం చేయమనీ గట్టిగా చెప్పండి.