గుమ్మం కంటే ఎత్తైన వీధి

మా అత్తయ్య ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు వీధిలోంచి మూడు మెట్లు ఎక్కితే అరుగు, అరుగు దాటితే గుమ్మం. ఇప్పుడు వీధిలోంచి గుమ్మంలోకి ఒక మెట్టు దిగాలి. ఇల్లు కుంగలేదు, వీధే పైకి లేచింది. రోడ్డు పాడైనప్పుడల్లా పాతదాని మీదే కొత్త పొర పోసుకుంటూ వెళ్ళారు. అలా అరుగూ పోయింది, మెట్లూ పోయాయి. ఒడిశాలోని మా బరంపురంలో పాత వీధుల్లో తిరిగితే ఇలాంటి ఇళ్ళు చాలా కనిపిస్తాయి. గట్టి వాన పడితే మేం గుమ్మానికి అడ్డంగా ఇసుక బస్తాలు పెట్టుకుంటాం.

పాత పొరను గీకి తీసేసి దాని చోట కొత్తది వేస్తే ఎత్తు పెరగదు. కానీ ఆ పనికి మెషిన్ కావాలి, ఎస్టిమేట్‌లో దానికి వేరే డబ్బు చూపించాలి. పైన పోసెయ్యడం చవక, రెండు రోజుల్లో అయిపోతుంది. ఆ మిగిలిన డబ్బు భారం మాత్రం గుమ్మాలు ఎత్తు చేయించుకునే ఇళ్ళవాళ్ళ మీద పడుతుంది, అది ఏ లెక్కలోకీ రాదు.

మొన్న శ్రావణంలో అత్తయ్య బుడి ఠాకురాణి గుడికి బయల్దేరింది. కేబుల్ పని చేసినవాళ్ళెవరో కాలవ మీది స్లాబు ఎత్తి, తిరిగి సరిగా కూర్చోబెట్టకుండా పోయారు. ఒక మూల నాలుగు వేళ్ళంత పైకి లేచి ఉంది, కాలు పెడితే ఊగుతుంది. ఆవిడ దాని మీదే కాలు పెట్టింది. మడమ దగ్గర ఎముక చిట్లింది, ఆరు వారాలు కట్టు. మంచం మీద పడుకుని ఒకటే మాట: "నడిచేవాళ్ళకి చోటెక్కడుందమ్మా? రోడ్డు మీదికెళ్తే ఆటో గుద్దుద్ది, పక్కకెళ్తే కాలవ మింగుద్ది."

ఆ ఆరు వారాలూ నేను ఊరి రోడ్లకి డబ్బు ఎక్కడినుంచి వస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది అన్నదే చదువుతూ, కనిపించినవాళ్ళనల్లా అడుగుతూ గడిపాను.

నాకు అర్థమైంది ఇది: కొత్త రోడ్డుకి ఏదో ఒక స్కీములో డబ్బు దొరుకుతుంది, ఉన్న రోడ్డుని బాగా ఉంచడానికి మాత్రం దొరకదు. కొత్తదానికి శంకుస్థాపన ఉంటుంది, శిలాఫలకం ఉంటుంది. పగులు పూడ్చినందుకు ఎవరూ రిబ్బన్ కట్ చెయ్యరు. కానీ తారు రోడ్డు చచ్చేది ఆ పగులు వల్లే. పగుల్లోంచి నీళ్ళు దిగుతాయి, కింద కంకర మెత్తబడుతుంది, పైన లారీ వెళ్తుంది, గుంత పడుతుంది. మొదటి పగులుకే పూత వేస్తే కొద్ది డబ్బుతో పోయేదానికి తరవాత రోడ్డంతా వెయ్యాల్సి వస్తుంది.

రిపేరు డబ్బు ఊరి సొంత ఆదాయంలోంచి రావాలి. ఒడిశాలో పాతరోజుల్లో ఊరి పొలిమేరలో ఆక్ట్రాయ్ గేట్లుండేవి, లోపలికొచ్చే సరుకు మీద పన్ను నేరుగా మున్సిపాలిటీకే. దాని స్థానంలో 1999 చట్టంతో రాష్ట్రం వసూలు చేసే ఎంట్రీ టాక్స్ వచ్చింది, 2017లో అదీ జీఎస్టీలో కలిసిపోయింది. గేటు దగ్గర లారీలు గంటలకొద్దీ ఆగే బాధ పోయింది, అది మంచిదే. అయితే ఊరి సొంత సంపాదన పోయి, భువనేశ్వర్ నుంచి ఎంత వస్తే అంత అనే పరిస్థితి వచ్చింది. చేతిలో మిగిలిన పెద్ద పన్ను హోల్డింగ్ టాక్స్, అంటే మన ఇంటి పన్ను. దాన్ని పెంచుతామంటే ఏ వార్డులోనూ ఎవరూ ఒప్పుకోరు, నేనూ ఇన్నాళ్ళు ఒప్పుకోలేదు.

కేంద్రం ఇచ్చేదానికి షరతులుంటాయి. కేంద్రం డబ్బు ఎవరికెంతో తేల్చే 15వ ఆర్థిక సంఘం 2021-26కి బరంపురం లాంటి పది లక్షల లోపు జనాభా ఊళ్ళకి సిఫారసు చేసిన గ్రాంటులో 60 శాతం మంచినీళ్ళకీ పారిశుధ్యానికే వాడాలంది. మిగతా 40 శాతంలోనే రోడ్లూ లైట్లూ అన్నీ. 74వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకొచ్చి, రోడ్లూ వంతెనలూ ఊళ్ళకప్పగించదగ్గ పనుల్లో ఉన్నాయంది. పని అప్పగించడమైతే రాశారు, దానికి సరిపడా డబ్బు మాట ఆ జాబితాలో లేదు.

పల్లె రోడ్లకి దీనికంటే మెరుగైన పద్ధతుంది. ప్రధానమంత్రి గ్రామ్ సడక్ యోజనలో రోడ్డు వేసిన కాంట్రాక్టరే అయిదేళ్ళు దాన్ని చూసుకోవాలి, ఆ మాట కాంట్రాక్టులోనే ఉంటుంది. మా వీధికీ అదే పెట్టండి అని అడగాలనుంది.

మా సందు చివర పేవర్ బ్లాకులు మాత్రం మహిళా సంఘం వాళ్ళు వేశారు. కోవిడ్ లాక్‌డౌన్‌లో 2020 ఏప్రిల్‌లో రాష్ట్రం పట్టణ పేదలకి కూలిపని ఇచ్చే స్కీము మొదలుపెట్టింది, తరవాత దానికే ముక్త అని పేరు. చిన్న కాలవలు, పేవ్‌మెంట్లు లాంటివి ఆడవాళ్ళ సంఘాలకి అప్పగించారు. మా దగ్గర వేసినావిడ మూడో సందులో ఉంటుంది. ఒక బ్లాకు కదిలితే పిల్లలు వెళ్ళి చెప్తారు, ఆవిడ సాయంత్రం వచ్చి ఇసుక పోసి, చెక్కసుత్తితో కొట్టి సరిచేసి పోతుంది. వేసిన మనిషి అదే దారిలో నడుస్తుంటే ఎంత తేడా వస్తుందో నా కళ్ళతో చూశాను.

ఫుట్‌పాత్‌కి కొలతలు లేక కాదు. రోడ్ల కొలతలు, ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లోనే రాసింది, అడ్డాలేవీ లేకుండా నడవడానికి కనీసం 1.8 మీటర్లు ఉండాలని, ఎత్తు 150 మిల్లీమీటర్లు దాటకూడదని. 2025 మేలో సుప్రీంకోర్టు కూడా ఫుట్‌పాత్ బతికే హక్కులో భాగమే అంది. మా వీధిలో టేపు పట్టి చూస్తే కాలవ స్లాబు వెడల్పు 60 సెంటీమీటర్లు. దాని మీదే కరెంటు స్తంభం, ఇడ్లీ బండి, రెండు బైకులు. ఇడ్లీ బండాయన్ని నేను తప్పు పట్టను, అతనికీ వేరే చోటు చూపించలేదు.

ఈ ఏడు హోల్డింగ్ టాక్స్ గడువులోపే కట్టేశాను. ఇప్పుడు మా ఇంటి నుంచి గుడి దాకా స్లాబులు లెక్కపెడుతున్నాం. నేనూ మా అమ్మాయీ నడుస్తాం, గట్టిగా ఉన్నదానికి టిక్కు, ఊగేదానికి గుండ్రం, లేనిదానికి ఇంటూ. అత్తయ్య కుర్చీలో కూర్చుని పెద్ద చార్టు మీద గీస్తోంది. రెండేళ్ళకోసారి ఠాకురాణి యాత్ర రోజుల్లో ఆడవాళ్ళు చెప్పుల్లేకుండా రాత్రిపూట నడిచేది ఈ దారుల్లోనే, ఏ మలుపులో చీకటెక్కువో ఆవిడకి తెలుసు. నిన్నటికి నూట పన్నెండు స్లాబులయ్యాయి, ముప్పై ఒకటికి గుండ్రాలు, తొమ్మిదింటికి ఇంటూలు. చార్టు పూర్తవగానే వార్డు మీటింగుకి పట్టుకెళ్తాం, ఆవిడ తనే వచ్చి చూపిస్తానంటోంది.