బొమ్మ సెంటర్లో ఇంకో బొమ్మ

పడుకుందామంటే ఆ మెసేజే బుర్రలో తిరుగుతోంది. మా ఊరి గ్రూపులో బాబాయి పెట్టాడు. ఇంటికి ఐదు వేలు చొప్పున చందా. సెంటర్లో విగ్రహం పెడుతున్నారు. ఎవరిదో వేరే చెప్పాలా, నిరుడు పోయిన మా ఊరి నాయకుడిదే. విగ్రహాలు చేసే కొత్తపేటలో ఆర్డరు కూడా ఇచ్చేశారట. కంచు కాదు, ఫైబరు, పైన కంచు రంగు. ముందు అడ్వాన్సు ఇచ్చి తరవాత చందాలడగడం మా వాళ్ళకి అలవాటే. కింద వరసగా దణ్ణాల బొమ్మలు. ఒక్కడంటే ఒక్కడు ‘ఎందుకు?’ అనలేదు.

నా బాధ డబ్బు గురించి కాదు. సరే, కొంత డబ్బు గురించే. ఈ నెల గీజరు ఖర్చొకటి మీద పడింది. కానీ అసలు మంట వేరే ఉంది. ఆ సెంటర్లో ఇప్పటికే ఒకాయన ఉన్నాడు. కోటు, తలపాగా, పంచె, చేతిలో కర్ర. నేను పుట్టకముందు నుంచీ అక్కడే నిలబడ్డాడు. ఎవరాయన? మాకందరికీ ఆయన ‘బొమ్మ’. ఊరికి వెళ్తే కండక్టరు ‘బొమ్మ, బొమ్మ దిగాలి’ అని అరుస్తాడు, దిగుతాం. పేరు చెక్కిన రాయి మీద ఒకప్పుడు సినిమా పోస్టర్లు, ఆ తరవాత ట్యూషన్ల కాగితాలు, ఇప్పుడు ఫ్లెక్సీలు. ఎవడి పుట్టినరోజు ఫ్లెక్సీ అయినా తాడు కట్టేది ఆయన కర్రకే. సంక్రాంతికి ముందు ఎవరో వచ్చి వెండి రంగు కొట్టి పోతారు, కళ్ళద్దాలతో సహా. పాపం, ఎన్నేళ్ళయిందో ఆయనకి కళ్ళు కనబడి.

సాయంత్రం అమ్మకి ఫోన్ చేసి అడిగాను. “ఆసుపత్రికి స్థలం ఇచ్చినాయన కాదుటే?” అంది. వంటింట్లోంచి అత్తయ్య, “కాదు కాదు, కాలవ తవ్వించినాయన” అంది. ఇద్దరిదీ ఒకటే ఊరు, ఒకటే వీధి. మావయ్యగారు మాత్రం పేపరు పక్కన పెట్టి, “2013 జనవరిలోనే సుప్రీంకోర్టు చెప్పిందమ్మా, రోడ్ల మీదా ఫుట్‌పాత్‌ల మీదా కొత్త విగ్రహాలకి అనుమతులివ్వొద్దని రాష్ట్రాలన్నిటికీ” అన్నారు. ఆ మాట మీరే గ్రూపులో రాయండి అంటే మళ్ళీ పేపరు తీసుకున్నారు. ఆ గ్రూపులో ఎవరూ ఏమీ రాయరు. అందుకే ఇక్కడ రాస్తున్నా.

విగ్రహం అనగానే నాకు మా తాతయ్య గుర్తొస్తాడు. కంటి ఆపరేషన్‌కి హైదరాబాద్ వచ్చినప్పుడు ట్యాంక్‌బండ్ చూపిద్దామని తీసుకెళ్ళాం. రామారావుగారు ముఖ్యమంత్రిగా ఉండగా పెట్టించిన విగ్రహాలు వరసగా ఉంటాయి కదా. రాయలవారి దగ్గర మేం ఫోటో అంటే ఆగలేదు. నన్నయ్యనీ పట్టించుకోలేదు. రఘుపతి వెంకటరత్నం నాయుడుగారి ముందు మాత్రం చెప్పులు విడిచి నిలబడ్డాడు. మిట్టమధ్యాహ్నం, కంటికి కట్టు, పక్కన అమ్మ టెన్షన్. కదిలితేనా!

తాతయ్య చదివింది కాకినాడ పి.ఆర్. కాలేజీలో. నాయుడుగారు అక్కడ ప్రిన్సిపాల్‌గా ఉన్నది 1904 నుంచి 1919 దాకా, అంటే తాతయ్య పుట్టకముందే. ఆయన దగ్గర చదివింది తాతయ్య వాళ్ళ నాన్న. ఆ రోజుల్లో పెద్దింటి పెళ్ళంటే భోగం మేళం, అదే భోగంవాళ్ళ ఆటపాట, ఉండాల్సిందే. నాయుడుగారు దాని మీద జీవితమంతా పోరాడిన మనిషి. మా ముత్తాత తన పెళ్ళికి, “మేళం వస్తే నేను పందిట్లోకి రాను” అని మొండికేశాడట. వాళ్ళ నాన్న అప్పటికే బయానా ఇచ్చేశాడు. మేళం రాలేదు, బయానా తిరిగి రాలేదు. “ఆ నాయుడు చేశాడ్రా ఇదంతా” అని పెద్దాయన పోయేదాకా సణుగుతూనే ఉన్నాడట. తెల్లటి బట్టల్లో వచ్చే ఆ ప్రిన్సిపాల్ అనాథ పిల్లల్ని ఇంట్లో పెట్టుకుని సాకాడనీ, హరిజన పిల్లలకి హాస్టల్ నడిపాడనీ, కృష్ణశాస్త్రి ఆయన శిష్యుడేననీ, 1925లో మద్రాసు యూనివర్సిటీకి వైస్ ఛాన్సలరయ్యాడనీ, ఇవన్నీ తాతయ్య ఆ ఎండలో నిలబడి చెప్పాడు. ఐస్‌క్రీమ్ బండివాడు కూడా విన్నాడు.

ఇప్పుడు నిమజ్జనం రోజున అదే నాయుడుగారి ముందు డీజేలూ తీన్‌మార్ డాన్సులూ. మేళం మాన్పించినాయనకి అవన్నీ చూపిస్తున్నాం.

ఇంతదాకా రాశాక నాకే ఓ అనుమానం. ఆ బొమ్మ అక్కడ లేకపోతే తాతయ్య ఆగేవాడు కాదు, బయానా కథ నాకు తెలిసేది కాదు. మరి ఐదు వేలకి నేనింత గింజుకోవడం దేనికి? రేపెప్పుడో ఎవరి మనవరాలో ఆ ఫైబరు ముందు నిలబడి అడగొచ్చు కదా?

అలాగని పేరు తెలిసిన విగ్రహాల బతుకూ అంత గొప్పగా ఏం లేదు. 2011 మార్చి 10న, తెలంగాణ ఉద్యమం మిలియన్ మార్చ్ రోజు, ట్యాంక్‌బండ్ మీద చాలావాటిని పడగొట్టారు, కొన్నిటిని హుస్సేన్‌సాగర్‌లోకి తోశారు. ఆ రోజు టీవీ ముందు మా ఇంట్లో ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు. ఒక్కొక్కరిది ఒక్కో కారణం, అది మళ్ళీ పెద్ద గొడవ. తరవాత కొత్తవి చేయించి పెట్టారనుకోండి. మా ఊరి బొమ్మ జోలికి మాత్రం ఇన్నేళ్ళలో ఎవరూ రాలేదు. ఎన్నికల కోడ్ రాగానే నాయకుల విగ్రహాలకి గుడ్డలు చుడతారా, ఈయనకి అదీ ఉండదు. ఏ పార్టీవాడో తెలిస్తే కదా చుట్టడానికి! కొత్తాయనకి ఆ అదృష్టం ఉండదు. ఆయన పార్టీలు మారిన లెక్క మా ఊళ్ళో చంటిపిల్లాడికి కూడా తెలుసు. ఏ రంగు గుడ్డ చుట్టాలన్న దాని మీద కూడా కొట్టుకుంటారు.

చివరికి ఉండబట్టలేక బాబాయికి విడిగా మెసేజ్ పెట్టాను. ‘ఇస్తాను బాబాయ్, కానీ ముందు పాతాయన పేరేమిటో కనుక్కో. ఆ రాయి మీద కాగితాలు గీకించు’ అని.

ఐదు నిమిషాల్లో జవాబొచ్చింది. “ఆ బొమ్మా? దాన్ని పక్కకి జరుపుతున్నాంగా అమ్మా, ప్లేస్ చాలట్లేదు. గూగుల్ పే చేసేయ్, రాత్రికి లిస్టు ఫైనల్.”

మా ఆయన నిద్రలోనే, “ఇచ్చేయ్, పోనీ” అన్నాడు. ఇవ్వలేదు. పొద్దున్నే మళ్ళీ ఫోన్ చేస్తాడు, తెలుసు.